పాటను వెదకుట – పదుగురకు చెప్పుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. గోడలు కట్టినవారును, పుస్తకములు కొన్నవారును పూజ్యులే. కాని ఆ పుస్తకములను గూర్చి ఒకరితో నొకరు చెప్పుకొన్నవారే గ్రంథాలయమును నిజముగ నిలిపినవారు. ఒక పాఠకుడు పుస్తకమును తిరిగి ఇచ్చుచు, ప్రక్కనున్నవానితో “దీనిని నీవు తప్పక చదువవలెను” అనును. ఆ ఒక్క మాటతో పుస్తకము బీరువాలోనికి పోక వేరొక ఇంటికి పోవును. 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములను ఏర్పరచినపుడు, ఏ పుస్తకమైనను తనకు తగిన పాఠకుని చేరవలెనన్న భావమును అందులో నొకటిగా నిలిపెను. పుస్తకమునకు పాఠకుడు ఎంత అవసరమో, పాటకు శ్రోత అంత అవసరము. ఆ శ్రోతను పాటకు కూర్చువారెవరు? ఇదియే నేటి ప్రసంగవిషయము.

సినిమా పాటకు ఈ చింత లేదు. దానికి నటులున్నారు, గోడపత్రికలున్నవి, పెండ్లిపందిళ్ళలో మైకులున్నవి. ఎవరును వెదకకయే అది చెవిని పడును. సినిమా పాటలలో ఉత్తమములైనవి అనేకము కలవు. వానిని నిందింపవలసిన పని లేదు. కాని తెలుగు మాటాడు తొలి చిత్రము “భక్త ప్రహ్లాద” వచ్చినది 1932లో. అంతకుముందు వందలయేండ్లు తెలుగువారు పాటలు లేక బ్రతుకలేదు. దంపుళ్ళ పాట, నాట్ల పాట, తత్త్వము, కీర్తన, బతుకమ్మ పాట – ఇవి యన్నియు కొనువాడు, అమ్మువాడు లేకయే బ్రతికినవి. నేడును సినిమా నీడను ఆశ్రయింపక, ఏ వ్యాపారసంస్థ అండయు లేక, స్వయముగ వ్రాసి, స్వయముగ పాడి విడుదల చేయువారు ప్రపంచమంతట నున్నారు. దానినే స్వతంత్ర సంగీతమందురు. పేరు క్రొత్తది గాని పద్ధతి పాతదే. అంగడి లేని పాటకు ఆప్తుని మాటయే అంగడి.

దీనికి నిదర్శనము ఈ ఖమ్మముసీమలోనే కలదు. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున తానీషా కొలువులో తహసీలుదారై, భద్రాచలమున రామునకు ఆలయము కట్టించి, గోలకొండ చెరసాలలో కీర్తనలు పాడెను. చెరసాలలో పుట్టిన పాటకు రాజాదరణ యెక్కడిది? అయినను అది నిలిచినది. తూము నరసింహదాసు (1790–1833) భద్రాచలమునకు వచ్చి, వరదరామదాసుతో కలిసి ఆలయ వ్యవహారములు చక్కదిద్దుచు, ఆ కీర్తనలను భజనగోష్ఠులలో పాడి పదుగురచే పాడించెను. ఆయన స్వయముగ కవి, గాయకుడు. తన పాటలే పాడుకొనవచ్చును. అట్లు చేయక, తనకంటె ముందటివాని పాటను ఎత్తి చూపెను. కావ్యము వ్రాసినంత పుణ్యము ఇందులోనున్నది. త్యాగరాజస్వామియు తన కృతులలో రామదాసును స్మరించెను. ఒకని పాటను గూర్చి వేరొకడు ఆదరముతో పలికిన మాటవలన ఆ కీర్తనలు ఊరూర రామభజన మందిరములకు చేరినవి.

పాటను వ్రాసి భద్రపరచిన చాలునుగదా, ఒకరికొకరు చెప్పుకొననేల యని కొందరు అడుగవచ్చును. దానికి తాళ్ళపాక అన్నమాచార్యుల కథయే సమాధానము. ఆయన కాలము 1408–1503. ఆయన సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమునందు దాచిరి. రాగికంటె గట్టి కాగితమెక్కడిది? ఇరువదవ శతాబ్దమున పండితులు ఆ రేకులను పరిశోధించి, వేలకొలది పాటల మాటలను వెలికి తెచ్చిరి. ప్రతి పాటకు పైన రాగము పేరు కలదు. కాని స్వరము లేదు. అన్నమయ్య ఆ పాటను ఏ వరుసలో పాడెనో చెప్పగల గురుశిష్య పరంపర తెగిపోయినది. కావున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మవంటి విద్వాంసులు క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చినది. వారి కృషి వందనీయము. అయినను ఈ విషయమును మరువరాదు: రాగిరేకు మాటను కాచినది, వరుసను కాపాడలేకపోయినది. వరుస నిలుచునది వినువాని చెవిలో, పాడువాని గొంతులో మాత్రమే. రామదాసు కీర్తనలకు భజనగోష్ఠి దొరకినది. అన్నమయ్య పాటలకు చాలకాలము చీకటిగది దొరకినది.

ఇరువదవ శతాబ్దమున ఈ భజనగోష్ఠి పనిని కొంతవరకు రేడియో చేసెను. బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరిరి. విజయవాడ కేంద్రము 1948లో వెలసినది. అచ్చటి “భక్తిరంజని” ద్వారా కీర్తనలును, తత్త్వములును ప్రాతఃకాలమున పల్లెలకు చేరినవి. లలితగీతములు సినిమా తోడు లేకయే ఇంటింటి పాటలైనవి. రజనీకాంతరావుగారు స్వయముగ కవి, స్వరకర్త. అయినను ఇతరుల పాటలను వెదకి యెన్నుటయందు అంతే శ్రద్ధ చూపిరి. వాగ్గేయకారుల చరిత్రమును వ్రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమానమును పొందిరి. సముద్రములకావల ఇంగ్లండులోను ఇట్టివాడొకడు కలడు. జాన్ పీల్ అను ప్రసారకుడు 1967 మొదలు 2004లో చనిపోవువరకు బి.బి.సి. రేడియోలో పనిచేసెను. పేరులేని యువకులు పంపిన టేపులను ఓపికతో విని, తనకు నచ్చినవానిని దేశమునకు వినిపించెను. పెద్ద సంస్థలు తలుపు తీయని పాటలకు ఆయన గది తలుపు తెరచియుండెను. ఇరువురి పనియు ఒకటే: విస్తారముగ వినుట, కొద్దిగ ఎన్నుట, ధైర్యముగ చెప్పుట.

నోటిమాటకు గల బలమునకు మరియొక సాక్ష్యము 2024లో లభించినది. ఆ యేట తెలంగాణ ప్రభుత్వము స్వీకరించిన రాష్ట్రగీతమును వ్రాసినవాడు అందెశ్రీ. ఆయన బడిలో చదువుకొన్నవాడు కాడు. పశువులను కాచి, తాపీపని చేసినవాడు. ఆ గీతము సినిమాతో పుట్టలేదు. ఉద్యమ సభలలో ఒకరు పాడగా విని వేరొకరు నేర్చి, బడిపిల్లల నోట నిలిచి, పిమ్మట ప్రభుత్వపు ముద్రను పొందినది. జనులు ముందు నిర్ణయించిరి. ప్రభుత్వము తరువాత అంగీకరించినది.

ఇక ఇంటికి చేరువైన విషయము. పెనుబల్లికి ఆవల అడవిసీమ ఆరంభమగును. ఆ దారిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి పోయినచో కోయగూడెములు కలవు. రేలపాటలును, కొమ్ముల నృత్యమును అచ్చటివి. డోలీలు అను కోయగాయకులు తమ వారి ఇలవేల్పుల కథలను, వంశచరిత్రలను, పడిగె అను బొమ్మల గుడ్డను చూపుచు, డోలు వాయించుచు పాడుదురు. వానికి అచ్చుపుస్తకము లేదు. గాయకుని జ్ఞాపకమే పుస్తకము. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య అట్టి గాయకుడు. సమ్మక్క సారలమ్మల కథను, కోయవంశముల కథలను కోయభాషయందును, తెలుగునందును పాడగలవాడు. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. 2024 జూన్ నెలలో ఆయన మరణించెను.

బిరుదు వచ్చిన రెండేండ్లకే గాయకుడు పోయెను. బిరుదు రాకముందు ఆయన పాడిన యేండ్లెన్ని! ఆ యేండ్లలో ఈ చుట్టుప్రక్కల పల్లెలనుండి బస్సులో పూటలో పోయి వినదగిన దూరముననే ఆయన యుండెను. పేరు విన్నవారు తక్కువ, పోయి విన్నవారు మరియు తక్కువ. గ్రంథాలయమున ఒక పుస్తకము చిరిగినచో మరియొక ప్రతిని తెప్పింపవచ్చును. ఇట్టి గాయకుడు నేర్పకయే పోయినచో ఏ పట్టణమునుండి ఏ ప్రతిని తెప్పింతురు?

పాటను చెప్పుటలో న్యాయమొకటి కలదు: పాడినవాని పేరును చెప్పుట. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్నవంటి వీరుల కథలను పాడును. 2021లో ఒక సినిమా పాటకు ఆయన గొంతును, కిన్నెరను వాడుకొనిరి. ఆయన పేరును మరుగుపరుపలేదు గనుక లక్షలమందికి కిన్నెరయన నేమో తెలిసినది. 2022లో ఆయనకును పద్మశ్రీ వచ్చినది. అనేక పల్లెపాటలకు ఇట్టి భాగ్యము లేదు. వరుసను తీసికొందురు, మాటలను మార్తురు, పాడిన ముసలమ్మ ఊరును పేరును విడిచిపెట్టుదురు. విన్నవారు పాటను మెచ్చుకొందురు. పాట తల్లి ఎండలో కూలికి పోవుచునేయుండును. పేరు లేకుండ పాటను పంచుట దానము కాదు.

అట్లయిన పాటను ఎచ్చట వెదకవలెను? దూరము పోనక్కరలేదు. నీలాద్రి గుట్టపై శివరాత్రినాడు రాత్రి జాగరణమున ఎవరు పాడుచున్నారో వినవలెను. నాట్లు వేయునపుడు గట్టుపై నిలిచి వినవలెను. మిరపకాయలు ఏరుటకు ఛత్తీసుగఢు నుండి వచ్చు కూలీలు సాయంకాలము పొయ్యిలచుట్టు చేరి పాడుకొనునపుడు, భాష తెలియకపోయినను వినవలెను. ఇంటిలో అవ్వ మనుమనిని జోకొట్టుచు ఏమి పాడుచున్నదో వినవలెను. నేడు ప్రతి చేతిలో ఫోను కలదు. అందులో ప్రపంచపు పాటలన్నియు కలవు. కాని ఫోను వినిపించునది ముందు విన్నదానివంటిదే. వినని దానిని వినవలెనన్న కోరిక మనుష్యునికే పుట్టవలెను.

విన్న పాటను పదుగురకు చెప్పుటకు కొన్ని మర్యాదలు కలవు. మొదటిది, పూర్తిగ వినక చెప్పరాదు. రెండవది, ఒకేసారి పది పాటలు చెప్పరాదు. ఒక్కటి చెప్పిన వినును, పది చెప్పిన ఒక్కటియు వినడు. మూడవది, ఎవనికి చెప్పుచున్నామో యెరిగి చెప్పవలెను. దుఃఖములో నున్నవానికి తత్త్వము, పసిపిల్లల తల్లికి జోలపాట, పొలము పనిలో నున్నవానికి ఊపుగల వరుస. నాలుగవది, ఎందుకు నచ్చినదో ఒక మాట చెప్పవలెను. “బాగున్నది” అన్న చాలదు. “రెండవ చరణమున గొంతు దిగునపుడు కడుపులో చేయిపెట్టినట్లగును” అన్న వినువాడు ఆ చోటుకొరకు ఎదురుచూచును. అయిదవది, నచ్చనిదానిని మొగమాటమునకు మెచ్చరాదు. పాతది కాబట్టి మంచిదనుటయు, తన ఊరిది కాబట్టి గొప్పదనుటయు సరికాదు. ఒక్కసారి అబద్ధము చెప్పినవాని మాటపై రెండవసారి ఎవ్వరును పాట వినరు.

గ్రంథాలయము ఈ కార్యమునకు చాల తగినది. పుస్తకముల జాబితా ప్రక్కన పాటల జాబితా ఒకటి తెరువవచ్చును. దానికి పెద్ద వ్యయము లేదు. గీతలు గీసిన ఒక రిజిస్టరు చాలును. పాట మొదటిమాట, పాడినవారి పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చిరి, ఏ సందర్భమున పాడుదురు, ఏ వాద్యముతో, ఏ తేదీన వినినారు – ఈ వివరములు వ్రాయవలెను. చివరి గడిలో, విన్న సభ్యుడు ఎవరికి వినదగునో తన అభిప్రాయమును వ్రాయవలెను. గాయకుని అనుమతి పొంది ఫోనులో పాటను పట్టి, ఆరంభముననే పేరును, ఊరును, తేదీని పలికించి, రెండుచోట్ల భద్రపరుపవలెను. పాడుటకు పిలిచినపుడు దారిఖర్చును, గౌరవమును ఇవ్వవలెను. కూలి మానుకొని వచ్చినవానిని చప్పట్లతో పంపరాదు. నెలకొకసారి ఒక సభ్యుడు తాను కనుగొన్న ఒక్క పాటను తెచ్చి వినిపించు సాయంకాలము ఏర్పరచినచో, సంవత్సరమునకు పండ్రెండు పాటలు. మరి ఇరువదియైదేండ్లకు మూడువందలు. స్వర్ణోత్సవమునాటికి ఈ గ్రామమునకు మూడువందల పాటలును, వానిని వరుసతో పాడగల పిల్లలును ఉందురు. ఆ పిల్లలు లేనిచో రిజిస్టరు మిగులును, పాట మిగులదు. రాగిరేకుల కథ మరల జరుగును.

కావున రజతోత్సవ సభనుండి ఇంటికి మరలిపోవు ప్రతి సభ్యుడును ఈ రాత్రియే ఒక పని చేయవచ్చును. ఇంటిలోని పెద్దలలో ఒకరిని కూర్చుండబెట్టి, చిన్ననాట విన్న పాటనొకదానిని అడుగవచ్చును. మరచిపోతిననవచ్చును, గొంతు లేదనవచ్చును. కొంచెము ఆగి మరల అడిగిన మొదటి చరణము వచ్చును. దానిని పూర్తిగ విని, నేర్చి, పేరు చెప్పి, రేపు వేరొకరికి వినిపింపవచ్చును. తూము నరసింహదాసు భద్రాచలమున చేసినది ఇంతకంటె వేరైన పని కాదు.

గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక.