పాత గడియారమునకుఁ గ్రొత్త గొలుసు



చేతిగడియారమును గుఱించి మాటలాడువారు సాధారణముగా దాని లోపలి యంత్రమునే ప్రశంసింతురు. అందు రాళ్లెన్ని, దినమునకు నెన్ని సెకండ్లు వెనుకఁబడును అని విచారింతురు. దానిని మణికట్టున నిలుపు గొలుసును మాత్ర మెవ్వరును దలఁపరు. అది జాఱి గడియారము నేలఁబడిన నాఁడు గదా దాని విలువ తెలియుట! నాకు నట్లే తెలిసినది. ఆ తెలిసిన సంగతులు కొన్ని మీతోఁ జెప్పుకొనుటయే నేఁటి నా ప్రసంగము.

మా తండ్రిగారు వర్తకపు టోడలో ఇంజనీరుగాఁ బనిచేసిరి. 1968వ సంవత్సరమున ఓడ సింగపూరులో నిలిచినపుడు, కూడఁబెట్టిన జీతముతో రోలెక్సు డేట్‌జస్టు గడియారమొకటి కొనిరి. దాని నమూనా సంఖ్య 1601. అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు. ఉక్కు కేసు, దానిపైఁ దెల్లబంగారముతోఁ జేసిన గాళ్ల అంచు, దానికిఁ దగిన జూబిలీ గొలుసు. ఆ గొలుసును వారు నలువదేండ్లు చేతినుండి విడువలేదు. స్నానమునకుఁ బోవునపుడు మాత్రము తీసి దేవుని గూటిలోఁ బెట్టెడివారు. 2009లో వారు గతించినపిమ్మట అది నాకు వచ్చినది.

జూబిలీ అను పేరునకుఁ గారణము కలదు. 1905లో లండనులో మొదలైన ఆ సంస్థ, తన నలువదవ యేఁట, అనఁగా 1945లో, డేట్‌జస్టు గడియారమును, దానికొఱకే యీ గొలుసును వెలువరించెను. ఇరువైపుల వెడల్పైన లంకెలు రెండు, నడుమ గుండ్రని చిన్న లంకెలు మూఁడు, వెరసి వరుసకైదు. ఆ కాలమున గొలుసులు చేయుట వేఱొక వృత్తి. జెనీవాలో 1835లో స్థాపింపఁబడిన గే ఫ్రేర్ అను కార్ఖానా రోలెక్సు మొదలుగాఁ బెక్కు సంస్థలకు గొలుసులు చేసియిచ్చెను. 1998లో దానిని రోలెక్సువారే కొనిరి.

ఆనాఁటి లంకెలు గట్టి ఉక్కుముక్కలు కావు. పలుచని రేకును మడిచి చేసినవి. అందుచేతనే యవి తేలికగా నుండి చేతికిఁ బట్టుబట్టవలె నొదుగును. ఆ గుణమునందే దోషమును గలదు. గొలుసు సాగినదని లోకులందురు, ఉక్కు సాగదు. చెమటయు ధూళియుఁ గలిసి సానరాతి ముద్దవలెనై, లంకెలను గలుపు పిన్నులను, వానిచుట్టు నున్న రేకును లోలోపల నరుగఁదీయును. ఒక్కొక్క లంకెయొద్ద వెండ్రుకవాసి సందు పుట్టిన, మొత్తము గొలుసు వదులగును. మన కోస్తా యెండలలో నీ యరుగుదల మఱింత వేగముగా జరుగును.

మాయింట దీనికి సాక్ష్యము దొరకినది. మా తండ్రిగారు గడియారము కొన్ననాఁడు తమ చేతికిఁ జాలునంత యుంచి, తక్కిన రెండు వరుసల లంకెలను దీయించిరి. మా యమ్మ వానిని కుంకుమభరిణెలో దాఁచినది. ఆ ముక్కను బాత గొలుసు ప్రక్కఁ బెట్టి చూచితిని. భరిణెలోని లంకెల నడుమ గోరైనను దూఱదు. చేతినున్న లంకెల నడుమ గుండుసూది యాడుచున్నది. నలువది యేండ్ల సేవ యెంతయో ఆ సందులోఁ గనఁబడినది.

ఇఁక నేను జేసిన తప్పు చెప్పెదను. గొలుసు వదులైనదని ఒక యంగడికిఁ గొనిపోఁగా, వారు దానిని దీసి, పైకి నచ్చముగా నట్లేయున్న యనుకరణపు గొలుసును బిగించి, కేసునుగూడ మెఱుఁగుపెట్టి యిచ్చిరి. తళతళలాడుట చూచి సంతోషించితిని. మూఁడవ నెలలో రైలెక్కుచుండఁగా స్ప్రింగుపిన్ను ఊడి గడియారము ప్లాటుఫారముపైఁ బడినది. అదృష్టవశమున దాని యద్దము ప్లాస్టిక్కుజాతిది. అది మాత్రము పగిలినది, యంత్రము బ్రదికినది. ఇంటికి వచ్చి భూతద్దముతోఁ జూచితిని. కేసు కొమ్ముల నడుమ నొదుగవలసిన చివరి ముక్క కొలతకు సరిపడక కదలుచు, కొమ్ముల లోపలివైపున గీఁతలు గీసినది. మెఱుఁగుపెట్టుటచేఁ గొమ్ముల యంచులును గొంత కరఁగినవి. పోయిన లోహము మరలి రాదు.

అప్పుడు బుద్ధి వచ్చి విచారింపఁగా నాలుగు మార్గములు గనఁబడినవి.

మొదటిది, పాత గొలుసునే బాగుచేయించుట. పిన్నులు మార్చి, అరిగిన రంధ్రములలో సన్నని గొట్టములు దొడుగు నేర్పరులు కలరు. గట్టి లంకెలయందు సులువైన యీ పని మడత రేకులయందుఁ గష్టము. రేకు మిక్కిలి పలుచనైనచో బాగుచేసినను బలము రాదు.

రెండవది, తరువాతి కాలపు గట్టి లంకెల గొలుసును దొడుగుట. అది దృఢమే. కాని దాని చివరి ముక్కలు వేఱు కేసుల యొంపునకుఁ జేసినవి. మఱియు పాత గడియారము తేలికది; బరువైన గొలుసు దానిని బ్రక్కకు లాగుచుండును.

మూఁడవది, తోలుపట్టీగాని నైలాను పట్టీగాని. తోలు అందమైనదే, కాని మన చెమటకు త్వరలోనే పాడై వాసనకొట్టును. నైలాను పట్టీని 1973లో బ్రిటిషు రక్షణశాఖవారు తమ సైనికులకొఱకు నిర్ణయించిరి. ఒకే పట్టీ గడియారము క్రిందుగాఁ బోవును గావున, ఒక పిన్ను విఱిగినను గడియారము చేతినే యుండును. తగిన గొలుసు దొరకువఱకు నేను దీనినే కట్టితిని.

నాలుగవది, ఆ కాలపుదే, ఆ జాతిదే, తక్కువ యరిగిన గొలుసును వెదకి కొనుట. ఇది వ్యయముతోను ఓపికతోను గూడిన పని. ఇందు మోసపోకుండుటకుఁ గొన్ని గుఱుతులు చెప్పెదను.

కొమ్ముల నడిమి వెడల్పు కొలువుఁడు. నా గడియారమున కది 20 మిల్లీమీటర్లు. గొలుసు సంఖ్యయుఁ జివరి ముక్క సంఖ్యయు నొకదాని కొకటి తగియుండవలెను. నాకుఁ గావలసినవి 6251 హెచ్, 55. కొలికి లోపలి రేకుపై సంవత్సరమును, అందు నెన్నవ మూఁడు నెలలో ఆ సంఖ్యయు ముద్రించి యుండును. 1976 నుండి అంకెలకు బదులు అక్షరములు వచ్చినవి. అయినను గొలికి నొక్కదానిని నమ్మరాదు, అది సులభముగా మార్పఁదగినది. గొలుసును బ్రక్కవాటుగాఁ బట్టి చూడుఁడు. విల్లువలె వంగి వ్రేలాడినచో నరిగినదని యర్థము. ముఖ్యముగాఁ దొలుత సబ్బునీటితో మెత్తని బ్రష్షుతోఁ గడిగించి చూడుఁడు. సందులలో మడ్డి నిండియున్న గొలుసు బిగువుగాఁ దోఁచును. కడిగినపిదపఁ గాని నిజము తెలియదు.

ఇన్ని తెలిసియు నేను నిశ్చయింపలేకపోయితిని. వేఱొకరి చేతి గొలుసును మా తండ్రిగారి గడియారమునకుఁ దొడుగుట కపచారమని మనసు పీడించినది. ఆ పాత గొలుసు వారి మణికట్టు ఆకారమునే నేర్చినది. బల్లపైఁ బెట్టిన వారి చేయి యక్కడ నున్నట్లే తోఁచును. చూచిచూచి మా యమ్మాయి, ఆ గడియారము మున్ముందు ధరింపవలసినది తానే గావున, ఇట్లనెను: “నాన్నగారూ, తాతగారు దీనిని బెట్టెలోఁ బెట్టుటకుఁ గొన్నారా, కట్టుకొనుటకుఁ గొన్నారా? గొలుసు నలువదేండ్లు పనిచేసినది, దానికి విశ్రాంతి యిండు. గడియారమునకు మాత్ర మీయకుఁడు.”

ఆ మాటతో నా సందేహము తీఱినది. 1971 ముద్రగల గొలుసొకటి సంపాదించి, కడిగించి, కొలిపించి తొడిగించితిని. కొమ్ముల నడుమ నది కదలక కూర్చున్నది. పాత గొలుసును భరిణెలోని రెండు వరుసల లంకెలతోఁ గలిపి మెత్తని గుడ్డలోఁ జుట్టి, అది యెవరిదో, ఎప్పుడు తీసితిమో కాగితముపై వ్రాసి పెట్టితిని. నేఁడు గడియారమున నున్న గొలుసు మా తండ్రిగారిది కాదని గూడ వ్రాసితిని. ముందువారికి నిజము తెలియవలెను గదా.

పాత గడియారములు గలవారికి నా మనవి యిది. ముందు భద్రత చూడుఁడు, పిదపఁ గొలత, అటుపిమ్మటఁ గాలము, చివరకు సొగసు. నే నీ వరుసను దలక్రిందుగాఁ బట్టి నష్టపడితిని. కేసుకు మెఱుఁగు పెట్టనీయకుఁడు. తీసిన పాత గొలుసును అంగడిలో విడిచి రాకుఁడు. ఏఁడాదికొకసారియైన స్ప్రింగుపిన్నులు మార్పింపుఁడు. గడియారమంతటిలోను చౌకయైన వస్తువవియే, దానినంతను మోయునవియు నవియే.