గేమ్‌లకూ సినిమాలకూ ఒకే కంప్యూటర్ – విడిభాగాలను లెక్క కట్టి ఎంచుకుందాం



సైన్సు ప్రసంగాలకు వెళ్లిన చోటల్లా, పాఠం అయిపోయాక మీ వయసు పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఇంట్లో కంప్యూటర్ కొనడానికి ఒప్పుకున్నారు. గేమ్‌లు ఆడుకోవాలి, సినిమాలు చూడాలి, చదువుకూ పనికిరావాలి. విడిభాగాలు కొని నేనే బిగించుకుందామనుకుంటున్నాను. ఏవి కొనమంటారు?"

నాలుగు పేర్లు చెప్పి పంపించడం తేలికే. కానీ ఈ ఏడాది మంచిదన్న పేరు వచ్చే ఏడాదికి పాతబడుతుంది. ఎంచుకునే పద్ధతి మాత్రం పాతబడదు. ఆ పద్ధతికి పదో తరగతి భౌతికశాస్త్రం, గుణకారం, భాగహారం చాలు. ఇంట్లోవాళ్లు కూడబెట్టిన డబ్బు ఖర్చు పెడుతున్నాం కాబట్టి ఆ లెక్క ముందే వేసుకోవడం మన బాధ్యత.

అసలు ఒక కంపెనీ మదర్‌బోర్డు మరో కంపెనీ క్యాబినెట్‌లో ఎలా ఇముడుతుంది? 1981లో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు దాని సాంకేతిక వివరాలను ప్రచురించింది. దానితో ఇతర కంపెనీలు కూడా అందులో పనిచేసే కార్డులు తయారుచేయగలిగాయి. 1995లో ఇంటెల్ ఏ.టి.ఎక్స్. అనే ప్రమాణాన్ని ప్రకటించింది. బోర్డు కొలతలు, మరలు బిగించే రంధ్రాల స్థానాలు, విద్యుత్తు అందించే తీరు అందులో నిర్దేశించారు. ఈ ఉమ్మడి ప్రమాణాల వల్లనే ఇవాళ మనం ఇంట్లో కూర్చుని కంప్యూటర్ బిగించుకోగలుగుతున్నాం.

తెర దగ్గర మొదలుపెట్టండి

చాలామంది ప్రాసెసర్‌తో జాబితా మొదలుపెడతారు. మనం తెరతో మొదలుపెట్టి వెనక్కి, గోడలోని ప్లగ్గు వరకూ వెళదాం. ఎందుకంటే ఎంత పని జరగాలో నిర్ణయించేది తెరే.

ఫుల్ హెచ్.డి. తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. వీటినే పిక్సెళ్లు అంటాం. రెండింటినీ గుణిస్తే 20,73,600. 4కె తెరలో 3840, 2160 ఉంటాయి, గుణిస్తే 82,94,400. అంటే సరిగ్గా నాలుగు రెట్లు. గేమ్ నడిచేటప్పుడు సెకనుకు 60 బొమ్మలు కావాలనుకుంటే, ఫుల్ హెచ్.డి.లో సెకనుకు దాదాపు 12.4 కోట్ల పిక్సెళ్ల రంగును లెక్కించాలి. 4కెలో దాదాపు 50 కోట్లు. అందువల్ల 4కె తెర కొని చిన్న గ్రాఫిక్స్ కార్డు పెడితే గేమ్ నత్తనడక నడుస్తుంది. తక్కువ బడ్జెట్‌లో గేమ్‌లు ఆడాలనుకునేవారికి ఫుల్ హెచ్.డి. తెరే మేలు.

సినిమా సంగతి వేరు. అందులో బొమ్మలు ముందే తయారై ఉంటాయి. వాటిని విప్పి చూపిస్తే చాలు. విప్పడం అని ఎందుకన్నాను? సెకనుకు 24 ఫ్రేముల 4కె సినిమాను, ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున, ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 478 కోట్ల బిట్లు కావాలి. ఇంట్లో 50 ఎం.బి.పి.ఎస్. నెట్ ఉందంటే అది మోసేది సెకనుకు 5 కోట్ల బిట్లే. కాబట్టి సినిమాను నూరో వంతుకో, ఇంకా తక్కువకో కుదించి పంపుతారు. ఈ కుదింపు పద్ధతులలో హెచ్.264 2003లోనూ, హెచ్.265 2013లోనూ, ఏ.వి.1 2018లోనూ వచ్చాయి.

కుదించిన సినిమాను విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేక సర్క్యూట్ ఉంటుంది. అది లేకపోతే ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాన్లు హోరెత్తుతాయి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. 2020లో వచ్చిన ఎన్‌విడియా ఆర్.టి.ఎక్స్. 30 శ్రేణిలో ఏ.వి.1ను విప్పే సర్క్యూట్ ఉంది. 2022లో వచ్చిన ఏ.ఎం.డి. ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి.లో లేదు. కొత్తదైతే అన్నీ ఉంటాయనుకోకూడదు. కంపెనీ ఇచ్చిన వివరాల పట్టికలో ఏ.వి.1 డీకోడ్ ఉందో లేదో చూసే కొనండి.

ఒకే కాడికి రెండెడ్లు

గేమ్‌లో ప్రతి బొమ్మకూ ఇద్దరు పనివాళ్లుంటారు. ఎవరు ఎక్కడున్నారు, బంతి ఎటు వెళుతోంది అన్న లెక్కలు ప్రాసెసర్ చూస్తుంది. వాటిని బొమ్మగా గీసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 1000ని 60తో భాగిస్తే వచ్చే 16.7 మిల్లీసెకన్లు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక్కో బొమ్మకు ప్రాసెసర్ 12 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్ కార్డు 25 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయనుకోండి. ఇద్దరూ ఒకేసారి వేర్వేరు బొమ్మల మీద పనిచేస్తున్నా, బొమ్మ బయటకు వచ్చేది 25 మిల్లీసెకన్లకు ఒకటి. అంటే సెకనుకు 40. ఇప్పుడు బోలెడంత డబ్బు పోసి 6 మిల్లీసెకన్లలో పని ముగించే ప్రాసెసర్ తెచ్చారు. ఏమైంది? అప్పుడూ 40 బొమ్మలే. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కోడె, రెండోది ముసలిది అయితే నాగలి ముసలిదాని వేగంతోనే సాగుతుంది.

ఇప్పటికే ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు దీన్ని పరీక్షించవచ్చు. గేమ్ సెట్టింగులలో రిజల్యూషన్ తగ్గించి చూడండి. బొమ్మల సంఖ్య బాగా పెరిగితే వెనకబడింది గ్రాఫిక్స్ కార్డు. పెద్దగా పెరగకపోతే చాలాసార్లు వెనకబడింది ప్రాసెసర్. మార్చవలసిన భాగమేదో తెలిశాకే డబ్బు బయటకు తీయండి.

గేమ్‌లే ముఖ్యమైతే బడ్జెట్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే వెళ్లాలి. సినిమాలు, చదువు, తేలికపాటి గేమ్‌లు చాలనుకుంటే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. ఇక్కడ పేరు చివరి అక్షరాన్ని గమనించండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు లేనిదే తెర వెలగదు. 2021లో వచ్చిన ఏ.ఎం.డి. రైజెన్ 5 5600జిలో 'జి' అక్షరం గ్రాఫిక్స్ ఉన్నట్టు గుర్తు. డబ్బు ఒకేసారి సమకూరనివారు ముందు ఇటువంటి ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, ఏడాది తరువాత కార్డు చేర్చుకోవచ్చు.

ర్యామ్, డిస్కు, మదర్‌బోర్డు

ర్యామ్ 16 జి.బి. కావాలంటే ఒకే 16 కన్నా రెండు 8లు మేలు. డి.డి.ఆర్.4–3200 ర్యామ్ ఒక దారిలో సెకనుకు 25.6 జి.బి. అందిస్తుంది, రెండు దారులూ తెరిస్తే 51.2. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడేవారికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ర్యామ్ ధరలు నిలకడగా ఉండవు. 2025 చివరి నెలల్లో డేటా సెంటర్ల గిరాకీతో అవి బాగా పెరిగాయి. కాబట్టి ధరలు కొనే వారంలోనే చూసుకోవాలి.

నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం కోసం సగటున అర చుట్టు ఆగాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగమే లేదు. అందుకే విండోస్, గేమ్‌లు ఎస్.ఎస్.డి.లో ఉంచి, సినిమాలు, ఫొటోలు దాచడానికి హార్డ్ డిస్కు వాడుకుంటే డబ్బు కలిసివస్తుంది.

మదర్‌బోర్డు విషయంలో రెండే ప్రశ్నలు: ప్రాసెసర్ సాకెట్ సరిపోతుందా, ర్యామ్ రకం సరిపోతుందా? డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 ర్యామ్‌లలో గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్థానంలో మరొకటి దిగదు. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.5 సాకెట్ డి.డి.ఆర్.5నే తీసుకుంటుంది.

ఎస్.ఎం.పి.ఎస్. మీద కత్తెర వేయకండి

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, చెన్నై రిచ్చీ స్ట్రీట్ అయినా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ అయినా, జాబితా బడ్జెట్ దాటినప్పుడు చాలామంది మొదట కత్తెర వేసేది ఎస్.ఎం.పి.ఎస్. మీద. గేమ్ వేగాన్ని అది పెంచదు కదా అనుకుంటారు. కానీ మిగతా భాగాలన్నిటి ప్రాణం దాని చేతిలోనే ఉంది.

లెక్క చూద్దాం. ఇంటెల్ ఐ5–12400 ప్రాసెసర్ మీద 65 వాట్లు అని ఉంటుంది. అది మూల సామర్థ్యం. పూర్తి వేగంలో 117 వాట్ల వరకు తీసుకుంటుందని కంపెనీయే చెబుతోంది. ఆర్.టి.ఎక్స్. 4060 కార్డుకు 115 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు కలిపి 60 అనుకుందాం. మొత్తం 292, సుమారు 300 వాట్లు. ఈ విద్యుత్తులో అధిక భాగం 12 వోల్టుల తీగలోనే ప్రవహిస్తుంది. 300ని 12తో భాగిస్తే 25 ఆంపియర్లు.

ఇప్పుడు ఎస్.ఎం.పి.ఎస్. పక్కనున్న చీటీ చదవండి. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉండి, కింద పట్టికలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు అని ఉందనుకోండి. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. అది మన కంప్యూటర్‌ను మోయలేదు. కాబట్టి పెద్ద అక్షరాలను కాదు, పట్టికను నమ్మండి. లెక్కకు ఒకటిన్నర రెట్లు మించి, అంటే ఇక్కడ 500 నుంచి 550 వాట్లది తీసుకోండి.

2004లో మొదలైన '80 ప్లస్' ముద్ర దక్షతను తెలుపుతుంది. 300 వాట్లు ఇవ్వడానికి 85 శాతం దక్షత ఉన్నది గోడ నుంచి 353 వాట్లు తీసుకుంటుంది. 70 శాతం ఉన్నది 429. తేడా 76 వాట్లు. రోజుకు నాలుగు గంటలు పూర్తి భారంతో నడిస్తే నెలకు 9 యూనిట్లు వృథా. అయితే ఈ ముద్ర భద్రతకు హామీ కాదు. ఎక్కువ వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ల నుంచి రక్షణ ఉందో లేదో విడిగా చూడాలి.

వేడి, ఎర్త్, యు.పి.ఎస్.

గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు చిప్ 70 డిగ్రీల దగ్గర ఉంటే, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది 40కి చేరినప్పుడు అదే పనికి చిప్ దాదాపు 85కు చేరుతుంది. ఫ్యాను గది గాలినే విసురుతుంది గానీ గదిని మించి చల్లబరచలేదు. మితిమీరిన వేడికి చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటకు పోయే క్యాబినెట్, కడగడానికి వీలైన దుమ్ము జాలీ ఉండాలి. ముందువైపంతా అద్దంతో మూసిన క్యాబినెట్ అందంగా ఉంటుంది, కానీ గాలి ఆడదు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్త్ లేదన్నమాట. ఎస్.ఎం.పి.ఎస్.లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ తీగ లేనప్పుడు లోహపు పెట్టె మీద సరఫరా వోల్టేజిలో సగం దాకా కనిపిస్తుంది. ప్రవాహం చాలా స్వల్పమే అయినా మామూలేనని వదిలేయకండి. లోపల ఏదైనా తీగ తెగి పెట్టెకు తగిలిన రోజున మిమ్మల్ని కాపాడేది ఆ ఎర్తే. కంప్యూటర్ కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. 230 వోల్టుల సరఫరా శిఖర విలువ 325 వోల్టులు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో అంతటి వోల్టేజి, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ, కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

యు.పి.ఎస్. మీద 600 వి.ఏ. అని ఉంటే అది 600 వాట్లు కాదు. చాలా వాటికి 360 వాట్లే. మన కంప్యూటర్ గోడ నుంచి 353, మానిటర్ 25 తీసుకుంటే మొత్తం 378. గేమ్ మధ్యలో కరెంటు పోతే ఆ యు.పి.ఎస్. ఆదుకోలేదు. వాట్ల అంకె చూసి కనీసం 500 మించినది తీసుకోండి.

మీరు చేయవలసిన పని

దుకాణానికి వెళ్లేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మొదటి గడిలో తెర, రిజల్యూషన్. తరువాత గ్రాఫిక్స్, ప్రాసెసర్, సాకెట్, ర్యామ్ రకం. ప్రతి భాగం ఎదుట వాట్లు, ధర. చివర మొత్తం వాట్లు, 12 వోల్టుల ఆంపియర్లు, యు.పి.ఎస్. వాట్లు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఆ కాగితాన్ని ఇంట్లో పెద్దలకు చూపించి, ఏ భాగానికి ఎంత ఎందుకు పెడుతున్నారో వివరించండి. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేని భాగాన్ని అప్పుడే కొనకండి. కొన్న ప్రతిదానికీ బిల్లు, వారంటీ కార్డు ఒకే కవరులో భద్రపరచండి.

ఇప్పటికిప్పుడు కొనే స్తోమత లేకపోయినా ఈ కాగితం రాయండి. మీ పాఠశాల కంప్యూటర్ గదిలో ఉన్న కంప్యూటర్‌ను ఉపాధ్యాయుల సమక్షంలో పరిశీలించి, దాని ఎస్.ఎం.పి.ఎస్. చీటీ మీది అంకెలను గుణించి చూడండి. ఓమ్ సూత్రం, దక్షత, ఉష్ణం అన్న మాటలు అక్కడ మీకు కొత్తగా అర్థమవుతాయి.

సెలవు.