కళాశాలలో తొలి యేడు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొనుట ఊరికెల్ల పండుగ. అయితే గ్రంథాలయమునకు నిజమైన లెక్క బీరువాలలోని పుస్తకముల సంఖ్య కాదు. ఆ పుస్తకములు చదివి ఊరు దాటిన బాలబాలికలు ఏమైరన్నదియే ఆ లెక్క. ఏటేట తొలకరి వేళ వారు పెట్టె సర్దుకొని రాజమహేంద్రవరమునకో, కాకినాడకో, భీమవరమునకో పోవుచున్నారు. పల్లె బడిలో మొదటివాడుగా నిలిచిన బాలుడు కళాశాలలో తొలి పరీక్షకే తడబడి, దసరా సెలవులకు ఇల్లు చేరి, ఎవరికిని ముఖము చూపక తిరుగుచుండుట అరుదు కాదు. వానికి బుద్ధి తఱిగినదా? లేదు. మఱి తఱిగినదేమి? నేటి ప్రసంగమునకు అదియే విషయము.

గోదావరీ మండలమున కళాశాల చదువు క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున 1853లో జిల్లా పాఠశాలగా వెలసిన విద్యాలయము 1873లో కళాశాల యయ్యెను. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల 1884లో ఏర్పడెను. పిమ్మట 1945లో ఏలూరునందును భీమవరమునందును, 1949లో నరసాపురమునందును, 1951లో అమలాపురమునందును కళాశాలలు వెలసినవి. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ పేర విశ్వవిద్యాలయమే స్థాపితమయ్యెను. ఒకప్పుడు కాలువవెంట పడవలో రాత్రియెల్ల ప్రయాణించి చేరవలసిన చదువు నేడు బస్సెక్కిన కొంతసేపటికే చేరువగుచున్నది. దారి తఱిగినది కాని, ఆ గడప దాటుటలోని కష్టము మాత్రము తఱుగలేదు.

ఆ కష్టమెట్టిదో చూతము. పల్లెలో విద్యార్థి దినమును ఇతరులు నడుపుదురు. తెల్లవాఱకమున్నే తల్లి లేపును, బడిగంట పిలుచును, మాష్టారు పేరు పెట్టి ప్రశ్నించును, సాయంకాలము అరుగుమీది తాతగారు "ఏమిరా, లెక్కలు చేసితివా?" యని యడుగును. ఇంటర్మీడియటునకు వసతితోకూడిన ప్రైవేటు కళాశాలలో చేరినవారి సంగతి మఱింత కట్టుదిట్టము. అక్కడ తెల్లవాఱుజామునుండి రాత్రివఱకు ప్రతి గంటయు పరులు పంచియిచ్చినదే. ఇట్లు పదునెనిమిదేండ్లు వచ్చువఱకు ఒక్క గంటనైనను తనంతట తాను నడుపుకొని యెఱుగని పిల్లవాడు డిగ్రీ కళాశాలలో అడుగిడినంతనే, సగము దినము వాని చేతికి వచ్చి పడును. వచ్చితివా యని హాజరుపట్టిక చూచువారుందురు గాని, చదివితివా యని యడుగువారుండరు. పాఠము ఆంగ్లమున సాగును. చేతిలో ఫోను ఉండనే యుండును. పరీక్ష నెలల దూరమున నుండును. దూరమున నున్నంత కాలము అది ఎప్పుడో రాబోవు చుట్టమువలె కనబడునేగాని, వాకిట నిలిచిన అప్పులవానివలె కనబడదు. కావున తఱిగినది బుద్ధి కాదు. దినమునకుండిన గట్టు తెగినది.

ఇందులకు సామ్యము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. 1832-33లో నందన కఱవు వచ్చినప్పుడు గోదావరి లేకపోలేదు. నది యుండెను, జనులు తిండిలేక మడియుచునే యుండిరి. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఒక్క బొట్టు నీటినైనను క్రొత్తగా పుట్టింపలేదు. ఉన్న నీటిని నిలిపి, ఎత్తి, కాలువలకు పంచినది. ఆ పంపకముచేతనే ఈ సీమ అన్నపూర్ణ యైనది. ఆ ఆనకట్ట తావున నేడు కాటన్ పేర బ్యారేజి నిలిచి యదే పని చేయుచున్నది. విద్యార్థి కాలమును అట్టిదే. కళాశాల వానికి కాలమును వరదగా విడుచును. దానికి ఆనకట్ట కట్టుకొనుట తొలి యేటి మొదటి పాఠము. ఏ పాఠ్యగ్రంథమునను లేని యీ పాఠము నేర్చినవానికి తక్కిన పాఠములు వశమగును.

ఆ కట్టడమునకు కావలసిన పరికరములు నాలుగు.

మొదటిది నియతమైన వేళ. తీఱిక దొరకినప్పుడు చదివెదననువానికి తీఱిక దొరకదు. ప్రాతఃకాలమున ఒక గంట, రాత్రి రెండు గంటలు, అదే చోట, అదే బల్లయొద్ద కూర్చుండవలెను. మనసు రాకున్నను దేహము కూర్చుండిన, కొన్ని దినములకు మనసును వచ్చి కూర్చుండును. ఆ వేళకు ఫోను వేఱొక గదిలో నుండుట మేలు.

రెండవది, ఆ దినపు పాఠమును ఆ దినమే చూచుకొనుట. భారతమున ధౌమ్యుని శిష్యుడైన ఆరుణి కథ కలదు. పొలము గట్టు తెగి నీరు పోవుచుండగా, వేఱుపాయము తోచక తానే గండికడ్డముగా పండుకొని నీటిని ఆపెను. ఈ కథను గురుభక్తికి దృష్టాంతముగా చెప్పుదురు. డెల్టా రైతు దీనియందు మఱియొక నీతిని గ్రహింపగలడు: గండి పడినవేళనే పూడ్చవలెను, మఱునాటికి అది మనిషి పండుకొన్నను ఆగదు. అర్థముకాని పాఠమొక్కటి నేడు అరగంట పని. నెల గడచిన పిమ్మట అదియే పది పాఠములను ముంచును.

మూడవది, పుస్తకము మూసి గుఱుతు తెచ్చుకొనుట. చదివినదానినే మఱల మఱల చదువుచున్న వచ్చినట్లే యుండును. ఆ వచ్చినట్లుండుటయే మోసము. 2006లో రోడిగర్, కార్పికి యను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు విద్యార్థులపై ఒక ప్రయోగము చేసిరి. ఐదు నిమిషముల పిమ్మట పెట్టిన పరీక్షలో, పాఠమును తిరిగి చదివినవారే మెఱుగైరి. వారము గడచిన పిమ్మట పెట్టిన పరీక్షలో మాత్రము, పుస్తకము చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారు వారిని మించిరి. అవధాన విద్య నెఱిగినవారికి ఇది వింత గాదు. అవధాని కాగితము చూడడు. లోననే త్రవ్వి తీయును. తిరుపతి వేంకట కవులిరువురును కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారియొద్ద కలసి చదువుకొన్నవారే. ఒకరినొకరు ప్రశ్నించుకొను సహపాఠి యొక్కడున్న చాలును, వసతిగృహమే పాఠశాల యగును.

నాలుగవది, భాషాభయమును జయించుట. ఆంగ్లమున విన్న విషయమును ముందుగా తెలుగున తెలిసికొనుట సిగ్గుపడవలసిన పని కాదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథములు ఇందులకే యున్నవి. విషయము తెలుగున బోధపడినచో ఆంగ్లపదము వెంటనే పట్టుబడును. విషయమే తెలియనిచో రెండు భాషలును అడవులే. దినమునకు ఐదు క్రొత్త పదములు వ్రాసికొన్నవాడు తొలి యేడు గడచునప్పటికి అధ్యాపకుని మాటను తడబాటు లేక అనుసరింపగలడు.

ఇన్ని చేసినను తప్పువారుందురు. అట్టివారు యల్లాప్రగడ సుబ్బారావు జీవితమును తెలిసికొనవలెను. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివిన యీ బాలుడు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులో గెలిచెను. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, పెద్ద పట్టమునకు మాఱుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయముతోడను, మామగారి సాయముతోడను అమెరికా చేరి, హార్వర్డులో చదువుచు, రాత్రివేళ ఆసుపత్రిలో కూలిపని చేసి పొట్ట పోసికొనెను. 1925లో ఫిస్కేతో కలసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అది వారిరువురి పేరనే ప్రసిద్ధమయ్యెను. 1948లో మరణించునాటికి ఆయన నడపిన పరిశోధనలు ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ మున్నగు ఔషధములను లోకమునకిచ్చెను. రెండవమారు తప్పిన నాడే చదువు చాలించియుండిన, లోకమునకు నష్టమెంతయో ఊహించుకొనవచ్చును.

అయితే పట్టుదల యొక్కటే చాలదు, అడుగువారొక్కరైన నుండవలెను. తండ్రిని పోగొట్టుకొన్న టంగుటూరి ప్రకాశమును, ఒంగోలులో పూటకూళ్లయిల్లు నడపి తల్లి సుబ్బమ్మ పోషించెను. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు రాజమహేంద్రవరమునకు తోడ్కొనివచ్చి చదివించెను. అక్కడ నాటకములకును సహవాసములకును తాను కాలము వెచ్చించిన సంగతిని ప్రకాశము 'నా జీవిత యాత్ర'లో దాచక చెప్పెను. గురువు చేయి విడువలేదు. ఆ బాలుడు 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. కాకినాడ కళాశాలకు 1904 మొదలు 1919 వఱకు అధ్యక్షుడైన రఘుపతి వేంకటరత్నం నాయుడు పేద విద్యార్థుల నెందఱినో తన ధనముతో చదివించి, వారికి తండ్రివలె నిలిచెను. అట్టి గురువు ప్రతివానికి దొరకకపోవచ్చును. ఊరిలో పెద్దవారైనను వారమున కొకమారు ఫోనులో "మార్కులెన్ని?" యని కాక, "ఈ వారము ఏమి చదివితివి?" యని యడుగవచ్చును గదా.

ఇక ఒక కఠినమైన మాట. కుమారుడు పరీక్ష తప్పినచో "మఱల వ్రాయును లెండి" యందురు. కుమార్తె తప్పినచో సంబంధములు వెదకుదురు. తొలి యేటి తొట్రుపాటు మగపిల్లవానికి ఒక సంవత్సరమును హరించును. ఆడపిల్లకు చదువునే హరించును. ఇంటనున్నప్పుడు వంటపని ముగిసిన పిమ్మట మిగిలిన గంటయే ఆమె చదువు గంట. ఊరు బిడ్డలనందఱిని సమముగా చదివించితినని చెప్పుకొనవలెనన్న, ఆమెకును రెండవ అవకాశమీయవలెను. ఆమెకును నియతమైన వేళను, కూర్చుండుటకు ఒక బల్లను ఇంటనే కల్పింపవలెను.

ఈ పనికి గ్రంథాలయము తోడ్పడగలదు. ఇంటర్మీడియటు పరీక్షలు ముగిసిన పిమ్మట కళాశాలలు తెఱచువఱకు వేసవి సెలవులుండును. ఆ దినములలో ఉదయము రెండు గంటలు ఒక బల్లను క్రొత్త విద్యార్థుల కొఱకే యుంచవలెను. వచ్చినవారు ఫోనును గ్రంథపాలకునియొద్ద నుంచి, ఇష్టమైన పుస్తకము చదువుకొని, పోవునపుడు దానిని మూసి, చదివినదానిని పది పంక్తులలో వ్రాసి పోవలెను. ఏమి చదువవలెనో ఎవరును చెప్పరాదు. వేళకు రాకున్న ఎవరును మందలింపరాదు. తన గంటను తానే నడుపుకొనుట ఊరిలోనే, తనవారి నడుమనే అలవడును. దసరాకు తలవంచుకొని వచ్చిన విద్యార్థికిని ఆ బల్లయొద్ద చోటుండవలెను. ఎన్ని తప్పితివని యడుగక, ఏ పాఠము మిగిలినదని యడిగి, ఆ పాఠమునకు తగిన పుస్తకమును చేతికందించినచో, ఈ రజతోత్సవమునకు అంతకుమించిన ఫలము వేఱొకటి యుండదు.