వెళ్ళివస్తానన్న మాట

(విజయదశమినాడు ఆలయ మంటపంలో, అక్షరాభ్యాసం చేయించిన తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



బాసర జ్ఞానసరస్వతీ సన్నిధిలోవలెనే ఈ ఉదయం ఇచ్చట కూడ మీ బిడ్డలు మీ ఒడిలో కూర్చుండి, పళ్ళెంలోని బియ్యంపై ఓనమాలు దిద్దినారు. తొలి అక్షరానికి అమ్మ ఒడి ఆసరాగా ఉన్నది. అయితే నేడు దంపతులిరువురూ ఉద్యోగస్థులైన గృహాలలో, ఓనమాలకు పూర్వమే, రెండు మూడేండ్ల ప్రాయంలోనే శిశువు ఒడి విడిచి శిశుసంరక్షణ కేంద్రానికి వెళ్ళవలసి వస్తున్నది. ఇది దోషమని నేననను. దేవకి కన్న బిడ్డ యశోద చేతిలో పెరగలేదా? సిద్ధపరచకుండ పంపడమే దోషం.

ఈ మాట నా తప్పిదం నేర్పినది. మా దౌహిత్రుణ్ణి మొదటిరోజు నేనే తీసికొని వెళ్ళినాను. ఏడ్చునేమోనని భయపడి, "అదిగో చిలుక!" అని గోడమీది బొమ్మను చూపి, వాడు అటు తిరుగగానే చల్లగా జారుకొన్నాను. మూడు దశాబ్దాలు పాఠశాలలో సత్యనిష్ఠను బోధించిన నోరిది! ఆనాటినుండి నేను దేనిని చూపినా వాడు తల త్రిప్పలేదు. చందమామను చూపినా కన్నులు నా మీదనే నిలిపేవాడు.

మా అమ్మాయితో చెప్పి, మరల మొదటినుండి ఆరంభించినాము. వారం రోజులు వాడితోపాటు నేనూ అచ్చట కూర్చుండినాను. తొలుత అరగంట, పిదప గంట, ఆపైన పూట. తన చేతితో తాను తినడం, చేతులు కడుగుకొనడం ఇంటివద్దనే అలవాటు చేసినాము. ఆకలికి, దాహానికి, నిద్రకు వాడు పలికే ముద్దుమాటలను ఆయమ్మకు తెలిపినాము. పడుకొనేటప్పుడు పట్టుకొనే పాత దుప్పటిని వెంట పంపినాము.

అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. మన ఇండ్లలో గడప దాటేవారు "పోతాను" అనరు, "వెళ్ళివస్తాను" అంటారు. బిడ్డకు కూడ ఎదుట నిలిచి ఆ మాటే చెప్పండి. శిశువుకు గడియారం తెలియదు. "నీవు బువ్వ తిని, నిద్ర లేచేసరికి వస్తాను" అనండి. ఆ వేళకు తప్పక ద్వారంవద్ద ఉండండి. ఏడిస్తే కోపగించవద్దు, పదేపదే వెనుకకు రావద్దు. చెప్పి వెళ్ళినవారికోసం ఏడ్చే బిడ్డను ఆయమ్మ ఓదార్చగలదు. చెప్పకుండ వెళ్ళినవారిపై నమ్మకాన్ని ఆమె తిరిగి తేలేదు.

కొన్ని వారాలకు ఒకనాడు వాడే ద్వారంవద్ద నా చేయి విడిచి, "తాతా, వెళ్ళొస్తా" అన్నాడు. ఆ రాత్రి చందమామను చూపినాను. తల త్రిప్పి చూచినాడు.

స్వస్తి.