చిన్న పుస్తకాల కొట్లు ఎలా నిలబడ్డాయి?

ఈ వారం పుస్తకాల కొట్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పెద్ద కంపెనీల శాఖలు కాదు, సొంతంగా నడుపుకునే చిన్న దుకాణాల గురించి.

2024 ఆగస్టు నుంచి మన రౌస్ హిల్ మెట్రో నేరుగా సిడ్నీ సిటీలోకి వెళుతోంది కదా. గాడిగల్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే యార్క్ స్ట్రీట్‌లో ఆబీస్ బుక్‌షాప్ ఉంది. 1968లో పెట్టిన కొట్టు. గ్లీబ్‌లోని గ్లీబుక్స్ 1975 నాటిది. వీటి కళ్లముందే బోర్డర్స్ అనే పెద్ద సంస్థ వచ్చింది, 2011లో కుప్పకూలింది. తపాలా ఖర్చు లేకుండా బ్రిటన్ నుంచి పుస్తకాలు పంపిన బుక్ డిపాజిటరీ కూడా 2023 ఏప్రిల్‌లో మూతపడింది. చిన్నవి మాత్రం మిగిలాయి. ఎందుకని?

చవకగా అమ్మి మాత్రం కాదు. ఇక్కడి కొట్లో కొన్న పుస్తకం మీద 10 శాతం జీఎస్టీ ఉంటుంది. విదేశాల నుంచి వచ్చే 1000 డాలర్ల లోపు పార్సిల్‌కు 2018 జులై దాకా ఆ పన్నే లేదు. అలాంటి పోటీకి తట్టుకున్నాయంటే కారణం వేరే ఉండాలి.

నేను ఐటీలో పనిచేస్తాను. కంప్యూటర్ సిఫారసు ఎలా చేస్తుందంటే, ఇదివరకు మీరు కొన్నవీ, మీలాంటివాళ్లు కొన్నవీ చూసి తర్వాతది చూపిస్తుంది. అంటే తెలిసిన దారిలోనే తిప్పుతుంది. కొట్లో మనిషి అలా కాదు. క్రికెట్ పుస్తకం అడిగితే "ఇది కూడా చూడండి" అని ఓ చరిత్ర పుస్తకం చేతిలో పెడతాడు. కాచిగూడ నవోదయలోనో, విజయవాడ ఏలూరు రోడ్డు మీదో పుస్తకాలు కొన్నవారికి ఇది కొత్త కాదు. మన తెలుగులో రచయితలు సొంత డబ్బుతో అచ్చు వేసుకున్న పుస్తకాలు ఎన్నో. అలాంటివి పదిమంది కంట పడేది ఎక్కువగా అలాంటి కొట్లలోనే.

కొంతమంది కొట్లో పుస్తకం తిరగేసి, అట్ట ఫొటో తీసుకుని, ఇంటికెళ్లి నెట్‌లో ఆర్డరిస్తారు. రెండు మూడు డాలర్లు మిగలొచ్చు, కాదనను. కానీ మనం పుస్తకం తిరగేసినంత మాత్రాన కొట్టు అద్దె గడవదు.

అందుకే ఒక మనవి. ఏడాదికి నాలుగు పుస్తకాలైనా కొట్లో కొనండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లి వాళ్లనే ఎంచుకోనివ్వండి. కావలసింది అక్కడ లేకపోతే తెప్పించమని అడగండి. ఇండియా వెళ్లినప్పుడు సూట్‌కేసులో తెలుగు పుస్తకాలకూ కాస్త చోటుంచండి. పచ్చళ్లలాగా ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాల్సిన బాధ కూడా లేదు!