తెలియనివారి యింట తీరని బాకీ

(సంఘ వార్షిక సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



2018వ సంవత్సరపు వేసవిలో మేమిరువురము మిత్రులము ఐరోపా ఖండమున మూడు వారములు పయనించితిమి. రైలు టిక్కెట్టుగాని బస్సు టిక్కెట్టుగాని కొనలేదు. దారిన పోవు బండ్లవారిని లిఫ్టు అడిగి, వారు దింపినచోట దిగి, మరల మరియొకరిని అడుగుచు, బెర్లిను నగరమునుండి ఇటలీ దేశపు త్రియెస్తె రేవువరకు పోయితిమి. మావెంట నుండినది ఒక పాత ఫిల్ము కెమెరా, ఎనిమిది రీళ్లు. ఆ యాత్రను గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. వినోదముగా చెప్పదగినవి పెక్కు కలవు. కాని మా మనస్సున ముల్లువలె నాటుకొన్నది యొకటి కలదు. దానినే ముఖ్యముగా విన్నవింతుము.

ముందుగా ఈ ప్రయాణపు పద్ధతిని చెప్పవలెను. జర్మనీలో ఆటోబాన్ అను పెద్ద రహదారులపై మనుష్యులు నడచుట నిషిద్ధము. అచట నిలిచి చేయి చూపరాదు. కావున ఆ దారిప్రక్కనున్న పెట్రోలు బంకులకడ నిలువవలెను. పోగోరిన యూరిపేరు అట్టముక్కపై పెద్ద అక్షరములతో వ్రాసి పట్టుకొనవలెను. ఒకప్పుడు పది నిమిషములలో బండి దొరకును; ఒకప్పుడు మూడు గంటలు ఎండలో నిలువవలసివచ్చును.

ఫిల్ము కెమెరా సంగతి పెద్దలకు తెలిసినదే. రీలునకు 36 ఫోటోలు. తీసినది వెంటనే కనబడదు. కడిగించినగాని బాగోగులు తెలియవు. "ఏదీ, చూపుడు" అనిన వారికి చూపుటకు మాయొద్ద ఏమియు లేదు. చిరునామా వ్రాసికొని, "ఇంటికి పోయి కడిగించి పంపుదుము" అని మాట యిచ్చుటయే. అట్లు మా పుస్తకమున 11 చిరునామాలు చేరినవి.

రెండవ దినమున బెర్లిను దక్షిణమున ఒక బంకుకడ నిలిచియుండగా, ఇంగ్లీషు తెలిసిన ఒక ఉపాధ్యాయిని తన కారున మమ్ము ఎక్కించుకొనెను. బౌట్జెన్ అను పట్టణమును సమీపించునప్పటికి ఊరిపేరు పలకపై రెండు పేర్లు కనబడెను: బౌట్జెన్ అని యొకటి, బుడిషిన్ అని మరియొకటి. ఇదేమని యడుగగా, "రెండవది మా భాష" అని ఆమె చెప్పెను. ఆమె సోర్బుల కుటుంబమునకు చెందినది. సోర్బులు జర్మనీ తూర్పుభాగమున, సాక్సొనీ బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రములలో, వెయ్యేండ్లకు పైగా నివసించుచున్న స్లావు జాతివారు. వారి సంఖ్య సుమారు 60 వేలని చెప్పుదురు. చుట్టును జర్మను భాషయే. 1912లో వారు డొమోవినా అను సంఘమును స్థాపించుకొనిరి. 1937లో నాజీ ప్రభుత్వము దానిని నిషేధించెను. 1945 మే నెలలో యుద్ధము ముగిసిన వెంటనే అది తిరిగి లేచెను. బౌట్జెనునుండి వారి భాషలో దినపత్రిక కూడ వెలువడుచున్నది.

ప్రొద్దు వాలుచున్నందున ఆమె మమ్ము తన యింటికే కొనిపోయెను. ఎనుబదియేండ్లు దాటిన తల్లి వాకిట నుండెను. ఉడికించిన ఉర్లగడ్డలు, పాలు విరిచి చేసిన మెత్తని జున్ను, దానిపై అవిసె నూనె — ఇది ఆ ప్రాంతపు ఇంటి భోజనమట. తినుచుండగా ఆ పెద్దామె కూతురి ముఖముగా మమ్ము అడిగెను: "మీ యింటిలో ఏ భాష?" మాది హోసూరు ప్రాంతమనియు, బడిలో తమిళము, సంతలో కన్నడము, ఇంటిలో తెలుగు అనియు చెప్పితిమి. నీటి గ్లాసు చూపి "నీళ్లు" అంటిమి. ఆమె "వొదా" అనెను. పిదప ఆమె మరియొక ప్రశ్న వేసెను: "మీ పిల్లలు మాట్లాడుదురా?" దానికి మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆమె తల పంకించి, "ఇచట కూడ అంతే" అనెను.

మరునాడు ఉదయము తల్లీకూతుండ్రను గుమ్మమున నిలిపి ఫోటో తీసితిమి. అందుకొరకు ఆ పెద్దామె లోనికి పోయి, తలకు మంచి రుమాలు కట్టుకొని వచ్చెను. తప్పక పంపుదుమని మాట యిచ్చితిమి.

అచటినుండి గోర్లిట్జు పట్టణము చేరి, నైస్సె నదిపై పాత వంతెన దాటి పోలండులో అడుగిడితిమి. 1945లో కూల్చబడిన ఆ వంతెన 2004లో మరల కట్టబడినది. మేము దాటిననాడు ఆపి యడిగినవారు లేరు. ఆవలి యొడ్డున మమ్మెక్కించుకొన్న వృద్ధ లారీ డ్రైవరు ఒక వింత చెప్పెను. 1950ల చివరి యేండ్లనుండి కొన్ని దశాబ్దములు ఆ దేశమున లిఫ్టు అడుగువారికి కూపన్ల పుస్తకము అమ్మెడివారట. ఎక్కినవాడు దూరమునుబట్టి డ్రైవరునకు కూపన్లు ఇచ్చును; ఎక్కువ కూపన్లు కూడబెట్టిన డ్రైవర్లకు బహుమానములు దొరకును. అపరిచితుని ఆదరించుట యొక సర్కారు ఏర్పాటైనందుకు మేము ఆశ్చర్యపడితిమి.

బ్ర్నో నగరమున మా తప్పిదము జరిగినది. రీలు పూర్తిగా చుట్టుకొనకమునుపే చుట్టుకొన్నదనుకొని కెమెరా వెనుకమూత తెరచితిమి. వెలుతురు సోకి ఆ రీలు యావత్తు చెడిపోయెను. బౌట్జెను ఫోటో అందులోనిదే.

తరువాత ఆస్ట్రియాలోని కారింథియా సీమలో జర్మను, స్లొవీను భాషలు రెండును గల ఊరిపేరు పలకను ఫోటో తీసితిమి. అట్టి పలకలకు 1955 నాటి ఒడంబడికలోనే మాట యిచ్చినను, 1972లో నాటిన వానిని ప్రత్యర్థులు పెరికివేసిరి. 2011లోగాని 164 ఊళ్లకు ఒప్పందము కుదురలేదు.

ఇల్లు చేరి పది చిరునామాలకు ఫోటోలు పంపితిమి. పదునొకండవదానికి క్షమాపణతో ఆ పలక ఫోటో పంపితిమి. కూతురు బదులు వ్రాసెను: "అమ్మ నవ్వినది. అయినచో మరల వచ్చి తీయవలెనన్నది. పలక ఫోటో వంటింటి గోడకు తగిలించినది." పోవలెననుకొంటిమి. 2020లో మహమ్మారిచే దారులు మూతపడెను. 2021లో వచ్చిన ఉత్తరములో తల్లి గతించెనని యుండెను.

సోదరులారా, అన్నము పెట్టినవారి బాకీ మరియొకరికి అన్నము పెట్టి తీర్చవచ్చును. ఈ బాకీ అట్టిది కాదు. రుమాలు కట్టుకొని నిలిచిన ఆ ముఖము మా తొందరపాటువలన ఎవరికిని మిగులలేదు.

మన యిండ్లలోను అట్టి పెద్దలు కలరు. వారి నోట మన పిల్లలెరుగని మాటలు కలవు. వచ్చు పండుగనాడు వారిని గుమ్మమున కూర్చుండబెట్టి ఫోటో తీయుడు; వెనుక పేరును ఊరును తెలుగున వ్రాయుడు; పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టి వారిచేత నాలుగు మాటలు చెప్పింపుడు. "మీ పిల్లలు మాట్లాడుదురా" అని ఎవరైన అడిగిననాడు మావలె తడబడకుండ బదులు చెప్పుటకు మనకు వేరు దారి లేదు.