కొరడా స్తంభం పేరున్న కూడలి
(గ్రామ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనది కాని దేశంలోని ఒక కూడలి గురించి చెబుతాను. విన్నాక అది మనది కాదో అవునో మీరే తేల్చండి.

బ్రెజిల్‌లో సాల్వడార్ అని సముద్రపు ఒడ్డున పట్నం. పోర్చుగీసు దొరలు 1549లో కట్టారు. 1763 దాకా వాళ్ల వలస రాజ్యానికి అదే రాజధాని. ఆ పట్నంలో ఏటవాలుగా దిగే రాళ్ల కూడలి పేరు పెలోరిన్యో. ఆ మాటకు అర్థమేంటో తెలుసా? కొరడా దెబ్బల స్తంభం! బానిసను దానికి కట్టేసి పదిమంది ముందు కొట్టేవాళ్లు. దెబ్బ ఒక్కడికి, భయం అందరికీ. మన రచ్చబండ దగ్గర చెట్టుకు కట్టేసింది ఎవర్ని? ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఆ స్తంభాన్ని పట్నంలో చోట్లు మార్చారు. చివరికి స్తంభం పోయింది, పేరు ఇక్కడ మిగిలింది.

ఆఫ్రికా నుంచి దాదాపు 50 లక్షల మందిని ఓడల్లో కుక్కి బ్రెజిల్‌లో దించారు. చెరకు తోటల్లో వాళ్లు కార్చిన చెమటే ఈ కూడలి చుట్టూ మేడలై లేచింది. దొరల చర్చిలో నల్లవాళ్లకు సాటి చోటు లేదు. అందుకని వాళ్లే సంఘం కట్టి, 18వ శతాబ్దం మొదట్లో అదే కూడలిలో తమ చర్చి మొదలుపెట్టారు. పగలు యజమాని పని, రాత్రి చర్చి పని. పూర్తవడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. అది ఇప్పటికీ ఉంది. అక్కడ ప్రార్థనలో ఆఫ్రికా డోళ్లు మోగుతాయి.

వాళ్లు ఊరికే ఓర్చుకున్నారనుకోకండి. సమానత్వం కావాలని 1798లో దర్జీలు, సిపాయిలు కుట్ర పన్నారు. 1799లో నలుగుర్ని ఇంకో కూడలిలో ఉరితీశారు. 1835 జనవరిలో ఆఫ్రికన్ ముస్లిములు ఒక రాత్రి తిరగబడ్డారు. 1888లో బానిసత్వం రద్దయింది. రద్దు కాగితమైతే ఇచ్చారు గానీ సెంటు భూమి ఇవ్వలేదు.

తర్వాత దొరలు కొత్త పేటలకు పోయారు. పాడుబడ్డ మేడల్లో పేద నల్లవాళ్లు గదికో కుటుంబంగా బతికారు. 1985లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వమంది. 1990లలో గోడలకు రంగులేసి, చేతిలో కొద్ది డబ్బు పెట్టి ఆ కుటుంబాల్ని వెళ్లగొట్టారు. 1979లో అక్కడే పుట్టిన ఒలోదుమ్ డోళ్ల బృందంతో 1996లో మైకేల్ జాక్సన్ వచ్చి ఆడాడు, లోకమంతా చూసింది. అంటే డప్పు కావాలి, డప్పు కొట్టేవాడి ఇల్లు మాత్రం వద్దు!

అయితే మిగిలిన కుటుంబాలు సంఘం కట్టుకుని పోరాడాయి. అక్కడే ఇళ్లిస్తామనే ఒప్పందం 2005లో సర్కారుతో రాయించుకున్నాయి.

అక్కడ స్తంభం పోయినా పేరు సాక్ష్యం చెబుతోంది. మన రచ్చబండకు ఆ పేరైనా లేదు. ఇంటికి పోయాక మీ ముసలమ్మని అడగండి, అక్కడ ఎవర్ని కట్టేశారో, ఎందుకు కొట్టారో. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆమె పోతే మనకు సాక్ష్యం లేదు.

జై భీమ్!